ముసలిపెట్ట కీళ్లపట్టు

కోడిపెట్ట ముసలిదై కాళ్లు పట్టుకొనిపోయినచో ఏమి చేయవలయునని మన పల్లెలలో ఎవరినైన అడిగి చూడుడు. అడిగినవానిని ఎగాదిగా చూచి, "చేయునది యేమున్నది? కూర చేయవలయును" అని నవ్వుదురు. ఆ నవ్వులో దోషము లేదు. కూరకును గ్రుడ్డుకును గాక కోడిని పెంచువారెవ్వరు? అయినను ఇంటింట ఒక పెట్ట యుండును. పండుగ వచ్చినను, అల్లుడు వచ్చినను ఇల్లాలు దానిపై కత్తి పడనీయదు. ఆ యింటి పెరటిలో తిరుగు కోళ్లలో సగము దాని కడుపున బుట్టినవే. నేటి ప్రసంగము అట్టి పెట్టను గూర్చి.

పంతులుగారికి కోడి గొడవ యేల యని పెద్దలు కొందఱు అనుకొనవచ్చును. బాల్యమున అమరకోశము వల్లెవేసినవాడను. అందు కోడికి గల పేళ్లలో చరణాయుధ మనునది యొకటి. కాళ్లే ఆయుధములుగా గలది యని దాని యర్థము. పెంటకుప్ప కెలుకుట, పిల్లలపై వ్రాలు గద్దను ఎదుర్కొనుట, ప్రొద్దుగూకగానే గూడెక్కుట, అన్నియు ఆ కాళ్లతోనే. కోడినుండి నేర్వదగిన గుణములు నాలుగని చాణక్యనీతి చెప్పుచున్నది. తన పాటున తాను సంపాదించుకొని తినుట వానిలో ఒకటి. కీళ్లు బిగిసిన పెట్ట మొట్టమొదట కోల్పోవునది ఆ గుణమునే. ఇక కుక్కుటశాస్త్రమను పేరున మన భాషలో నొకటి ప్రచారమున నున్నది. డేగ, కాకి, నెమలి, సేతువ యని పుంజుల రంగులును, ఏ దినమున ఏ రంగు గెలుచుననియు అందు చెప్పుదురు. దాని శ్రద్ధ యంతయు పందెపు పుంజుపైననే గాని ముసలిపెట్ట మోకాళ్లపై లేదు. మన ప్రాంతమున వేములవాడ రాజన్నకు కోడెను మ్రొక్కుట ప్రసిద్ధము. గుణింత మొక్కటి మాఱినంతనే కోడెకు గల గౌరవము కోడికి లేకపోయెను!

గౌరవము మాట యటుండనిండు. ముసలిపెట్టవలన లాభమేమి యని అడుగువారికి సమాధాన మున్నది. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన కేంద్రమువారు పల్లెపెరళ్లకు తగినట్లుగా వనరాజా, గ్రామప్రియ యను కోళ్లను సిద్ధపఱచిరి. ఇవి నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును, త్వరగా బరువెక్కును. కాని వీనికి పొదుగు బుద్ధి లేదు. గ్రుడ్డు పెట్టి తన దారిని తాను పోవును. ఇరువదియొక్క దినములు మేతయు నీరును మఱచి గంపలో కూర్చుండుట నాటుపెట్టకే చెల్లును. కనుక మేలుజాతి గ్రుడ్లనైనను తెచ్చి ఆమె క్రిందనే పొదుగవేయవలసి వచ్చుచున్నది. అందును తొలిచూలు పెట్ట నడుమ లేచిపోవును. పిల్లలను వెంటబెట్టుకొని వాగు గట్టువఱకు పోయి సగమును పోగొట్టుకొని వచ్చును. నాలుగైదు ఈడ్లు పొదిగిన ముసలిది అట్లు చేయదు. ఆకాశమున గద్ద నీడ కదలగానే అది చేయు చప్పుడు పెరటిలోని కోళ్లన్నిటికిని అర్థమగును. తాను గ్రుడ్డు పెట్టుట మానినను, పరుల గ్రుడ్లను పొదిగి సంసారము నడుపును.

నాటుపెట్ట మొదటి రెండు మూడేండ్లు బాగుగా గ్రుడ్లు పెట్టును. ఆపైన ఏటేట తగ్గును. గద్ద, పిల్లి, తెగులు, పండుగ, ఈ నాల్గింటిని తప్పించుకొన్నచో ఆఱేడేండ్లు బ్రతుకును. మంచి సాకుడునందు అంతకు మించియు బ్రతుకును. నాలుగవ యేడు దాటిన పెట్ట కాళ్లను అప్పుడప్పుడు చూచుచుండవలయును.

చూచుట ఎట్లు? ఉదయమున గూటి తలుపు తీయునప్పుడు మీరే దగ్గఱ నిలువుడు. తక్కినవి దుముకును, ఇది చివరను వచ్చును. గడపకడ నిలిచి, దిగవలయునా వద్దా యని ఆలోచించినట్లుండును. దిగిన పిదప నాలుగడుగులు కుంటి, ఎండ తగిలి కాళ్లు సాగిన తరువాత కొంత సరిగా నడచును. మధ్యాహ్నమునకు మంచిదిగానే కన్పట్టును. సాయంకాలము మరల గూడెక్కుటకు జంకును. నిలిచి తినవలసినది కూర్చుండి తినును. కెలుకుట తగ్గుటచేత గోళ్లు అరుగక వంకరలుపోయి పెరుగును. ఇట్లు ఉదయమున ఎక్కువయై పగలు తగ్గునది వార్ధక్యపు కీళ్లపట్టు. మా వీధిలోని ఒక అవ్వ తన పెట్టను గూర్చి "పంతులూ, దానికీ నాకూ ఒక్కతీరే, ఎండ పొడిసినంకనే లేస్తం" అని చెప్పినది. వైద్యగ్రంథములలో ఇంతకంటె స్పష్టమైన లక్షణము నాకు కానరాలేదు.

అయితే కుంటునదంతయు వార్ధక్యమే యనుకొనరాదు. పెట్ట కాలు చెడుటకు వేఱు హేతువు లనేకము లున్నవి. వానిలో కొన్ని కుదురును, కొన్ని ఊరి కోళ్ల నన్నిటిని తుడిచిపెట్టును. రాత్రి కోడి మందముగా నుండును గనుక, దీపము వెలుగున ఒడిలోనికి తీసికొని రెండు కాళ్లను నిదానముగా పరీక్షింపవలయును. అరికాలి నడుమ నల్లని గట్టి పక్కు కట్టి చుట్టును వాచియున్నచో, అది ఎత్తునుండి దుముకుటవలననో రాయి ముల్లు తగులుటవలననో లోపల చీము చేరిన పుండు. దానిని ఇంట బ్లేడుతో కోయుదురు. అది తగదు, పశువైద్యునికి చూపవలయును. కాలి పొలుసులు పైకిలేచి సున్నపు పెచ్చులవలె గరుకెక్కినచో, పొలుసుల క్రింద కంటికి కనబడని పురుగు చేరినదని తెలియవలయును. మనవారు దానికి కిరసనాయిలు పూయుదురు; చర్మము కాలును, కోడి బాధపడును. గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తని కుంచెతో రుద్ది, ఆరిన పిదప కొబ్బరినూనెయో వాసెలీనో దట్టముగా పట్టించినచో పురుగునకు ఊపిరాడదు. వారమునకొక్కసారి చొప్పున కొన్ని వారములు చేయవలయును. అది కూర్చుండు కఱ్ఱను గూడ కడుగవలయును. పెట్ట తోక వ్రేలవైచి మాటిమాటికి ముక్కుచు కూర్చున్నచో కాలిలో దోషము లేదు, కడుపులో గ్రుడ్డు చిక్కుకొన్నది. ఇక మెడ మెలిపడి, రెట్ట పచ్చబడి, కాళ్లు చచ్చుబడి, ఒకటి తరువాత నొకటిగా పలుకోళ్లు పడుచున్నచో అది కొక్కెర తెగులు. ఇంగ్లీషువారు దీనికి రానిఖేత్ అను హిమాలయ ప్రాంతపు ఊరి పేరు పెట్టిరి. 1927 ప్రాంతమున మన దేశమున అచటనే దానిని గుర్తించిరి. దానికి ముందుగా టీకా వేయించుటయే గాని, వచ్చిన తరువాత మందు లేదు. అట్టి కోడిని వెంటనే వేఱుచేయవలయును.

ఇవేవియు గాక, రెండు కాళ్లును చల్లగా, పుండు లేక, పొలుసులు సరిగా నుండి, వంచబోయినప్పుడు మాత్రము బిగువు తెలియుచున్నచో, అప్పుడది ముసలితనము. ఇచట ఒక చిన్న విషయము చెప్పవలయును. కోడి మోకాలు వెనుకకు వంగునని మన పిల్లలు ఆశ్చర్యపడుదురు. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు ఈకల మాటున, పొట్ట ప్రక్కన దాగి మనకువలెనే ముందునకు వంగును. కోడి జీవితాంతము మునివ్రేళ్లపై నడచునట్టి జీవి. ఆ మడమ కీలు వంగగానే కాలి వెనుకనుండి పోవు స్నాయువులు బిగిసి వ్రేళ్లు కఱ్ఱను తమంతట పట్టుకొనును; అందుచేతనే నిద్రలో కోడి క్రిందపడదు. ముసలిపెట్టకు ఆ కీలే సరిగా వంగనప్పుడు పట్టు చాలదు. నడిరాత్రి దబ్బున పడును. మఱునాడు మనము పిల్లి తోసినదనుకొందుము.

కనుక మొదటి చికిత్స మందు కాదు, గూటి కఱ్ఱ. మన యిండ్లలో కోళ్లు వేపచెట్టు కొమ్మలమీదనో, కొట్టపు దూలముమీదనో ఎక్కి కూర్చుండును. ఎక్కుట కష్టమే గాని దిగుట అంతకంటె హానికరము. నిలువెత్తునుండి దుముకు ప్రతి ఉదయము ఆ మడమలమీదను అరికాళ్లమీదను దెబ్బ పడుచునే యుండును. ముసలిదానికి నేలనుండి జానెడు ఎత్తున కఱ్ఱ చాలును. గుండ్రని సన్నని వెదురు పనికిరాదు. మూడు వ్రేళ్ల వెడల్పుగల బల్లపలక, అంచులు చెక్కి నునుపు చేసినది, పెట్టవలయును. వ్రేళ్లు దానిపై చదునుగా పఱచుకొనును. కడుపు ఈకలు వానిపై దుప్పటివలె కప్పుకొనును. అది చెట్టే యెక్కుదునని మంకుపట్టు పట్టినచో, చీకటి పడకమునుపే పట్టి గూటిలో నుంచవలయును. ఏడెనిమిది దినములలో అలవాటగును. నేను చెప్పిన ఆ అవ్వ గూడు అరుగుమీద నుండెను. ఆమె ఒక పలకకు పాతమంచపు నులక చుట్టి, అరుగునుండి నేలకు వాలుగా పెట్టినది. పెట్ట జాఱక ఆ నులకపై అడుగులు వేయుచు, పెండ్లికూతురువలె దిగును. ఇంజనీరును పిలిచినను ఇంతకు మించి చేయడు.

క్రింద పఱుపు మాట. కరీంనగరము వైపున వరి గలదు గనుక ఊకకును గడ్డికిని కొదువ లేదు. నాలుగు వ్రేళ్ల మందమున ఊకగాని తఱిగిన గడ్డిగాని వేసి, తడిసినదానిని నాడునాడు తీసివేయవలయును. తడి నేల కీళ్లకును అరికాళ్లకును శత్రువు. బండలు పఱచిన నేలపై, నేడు పెరుగుచున్న సిమెంటు నేలపై ముసలిపెట్టను విడిచి పెట్టుట తగదు. మట్టిపెరడు, ఎండ తగులు మూల, అందు కొంత బూడిద, ఇవి యున్నచో పెట్ట తన వైద్యము తానే సగము చేసికొనును.

ఆదిలాబాదు వారికి చలి సంగతి నేను చెప్పనక్కఱలేదు. పుష్యమాసమున కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయి రాత్రి మంటకడ కూర్చున్నవారికి అది తెలిసినదే. పది డిగ్రీలకు దిగువకు పోవు ఆ రాత్రులలో కీళ్లు కఱ్ఱలగును. గాలి వచ్చు దిక్కున గోనెపట్టా కట్టుడు. కాని గూటిని పూర్తిగా మూసివేయకుడు. రెట్ట ఘాటు లోపల నిలిచినచో కాలికి బదులు ఊపిరితిత్తులు చెడును. పైభాగమున గాలి పోవు సందు ఉండవలెను. గూటిలో కుంపటి పెట్టువారున్నారు. ఊకకు నిప్పంటుకొన్న పిమ్మట కీళ్ల చింత యుండదు, కోళ్ల చింతయు నుండదు. ముసలిపెట్టకు మఱి రెండు కోళ్ల తోడు చాలును. వాని వేడియే దానికి కుంపటి. చలిదినములలో మిట్టమధ్యాహ్నము వేళ, మోచేయి ముంచినచో హాయిగా తోచునంత గోరువెచ్చని నీటిలో పాదములను పది నిమిషములు నిలిపి, పొడిగుడ్డతో తుడిచి ఎండలో విడువవచ్చును. సాయంకాలము చేయరాదు, తడికాళ్లతో చలిలో పడుకొనును. అదే సమయమున గోళ్ల కొనలను కొంచెముగా కత్తిరింపవచ్చును. గోటిలోపల నెత్తురునాళ ముండును గనుక కొన మాత్రమే తీయవలయును. నెత్తురు చిమ్మినచో పసుపు అదిమి పట్టుకొన్న నిలుచును.

వేసవి వచ్చినచో మన కష్టము తలక్రిందులగును. రామగుండపు ఎండ ఎట్టిదో లోకమునకు తెలిసినదే. ఆ దినములలో ముసలిపెట్టకు కావలసినది నీరు. నీటితొట్టి పెరటికి ఆ చివరనున్నచో, నడువలేక అది దాహమును అణచుకొని కూర్చుండును. కోడి మనవలె మూత్రము పోయదు. రెట్టపై కనబడు తెల్లని సున్నమువంటిదే దాని మూత్రలవణము. నీరు చాలకపోయినను, మూత్రపిండములు చెడినను ఆ లవణము బయటికి పోక కీళ్లలో చేరి గడ్డలు కట్టును. పట్టిచూచినచో తెల్లని సుద్దవంటి ముద్దలు చర్మము క్రింద కన్పట్టును. ఇది సామాన్యమైన కీళ్లపట్టు కాదు, మిక్కిలి బాధాకరము. కనుక నీడలో, అది కూర్చుండు చోటికి నాలుగడుగుల దూరమున, లోతు లేని మట్టిమూకుడులో నీరు పెట్టి దినమునకు రెండుమాఱులు మార్చుడు.

మేత విషయమున మనవారు ప్రేమచేత చేయు హాని యొకటి గలదు. పాపము ముసలిది యని దోసిళ్లతో మక్కలు పోయుదురు. తిరుగుట తగ్గిన పెట్టకు మక్కలు కొవ్వుగా మాఱును. ఆ బరువంతయు ఆ రెండు కాళ్లే మోయవలయును. రొమ్ముటెముక చేతికి తగులనంతగా బలిసినచో మేత తగ్గింపుడు. జొన్నలు, నూకలు, కొంచెము తవుడు, సన్నగా తఱిగిన మునగాకు, ఇవి మంచివి. పచ్చడి కలిపిన అన్నము, ఉప్పుచేపల శేషము పెట్టవలదు. ఉప్పునకు కోడి మూత్రపిండములు తట్టుకొనజాలవు. గ్రుడ్లకోళ్లకని సంతలో అమ్ము దాణాలో సున్నము పాలు ఎక్కువ. గ్రుడ్లు మానిన ముసలిదానికి దినదినము అదే పెట్టినచో ఆ సున్నమును మూత్రపిండములే మోయవలసి వచ్చును. గ్రుడ్డుపెంకుల పొడిని వేఱుగా ఒక చిప్పలో పెట్టినచో దానికి కావలసినంత అదే ఏఱుకొనును. కందనకాయ పని చేయుటకు చిన్న గులకరాళ్లును కావలయును. అన్నిటికన్న ముఖ్యమైనది, పడుచుకోళ్లు దీనిని పొడిచి మేత లాగికొనకుండ చూచుట. గంప బోర్లించి దాని క్రింద మేతయు నీరును పెట్టి ఒక గడియ సేపు ఒంటరిగా విడిచినచో నెమ్మదిగా తినును.

ఇపుడు నేను ఈ ప్రసంగమునకు పూనుకొన్న అసలు కారణము చెప్పెదను. మనబోటి పెద్దల చొక్కాజేబులలో మోకాళ్లనొప్పి మాత్రలుండుట నేడు సామాన్యమైనది. తన నొప్పి తగ్గినది గదా యని, అందులో ఒక ముక్క చిదిపి పిండిలో కలిపి ముసలిపెట్టకు పెట్టువారు కలరు. ఇది దయ యనుకొందురు.

ఆ దయ యేమి చేయగలదో మన ఆదిలాబాదు అడవియే సాక్ష్యము చెప్పును. ఒకప్పుడు ఊరి బయట పశువు చచ్చినచో జాము గడువకమునుపే రాబందులు వ్రాలి ఎముకలు మాత్రము మిగిల్చెడివి. 1990ల తరువాత అవి మాయమయ్యెను. 2007 నాటికి మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించెను. 2004లో శాస్త్రజ్ఞులు కారణము కనుగొనిరి. కుంటు పశువులకును, కీళ్లు వాచిన ముసలి యెద్దులకును నొప్పి తగ్గుటకని వేసిన డైక్లోఫినాక్ అను మందే ఆ కారణము. మందు పడిన పశువు చచ్చినచో, ఆ మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి, గుండెపైనను కాలేయముపైనను సుద్ద పూసినట్లు తెల్లని పొర కట్టి, కొలది దినములలో కూలిపోయెను. జటాయువు వంశమని మనము చెప్పుకొను పక్షి రావణుని కత్తికి గాక నొప్పిమందునకు కూలినది. 2006లో ప్రభుత్వమువారు పశువులకు ఆ మందును నిషేధించిరి. 2015లో మనుష్యుల కొఱకైన పెద్ద సీసాలను ఆపిరి, అవి పశువులకు వాడబడుచుండుటచేత. 2023లో అదే కోవకు చెందిన కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ మందులను గూడ పశువులకు నిషేధించిరి. బెజ్జూరు అడవులలో, ప్రాణహితకు చేరువనున్న పాలరాపు గుట్ట చఱియలపై 2013లో పొడవాటి ముక్కుగల రాబందుల గూళ్లను గుర్తించిరి. మన సీమలో మిగిలిన ఆ కొలది పక్షులను అటవీశాఖవారు కనిపెట్టి కాచుచు వచ్చిరి.

కోడియు పక్షియే. దాని మూత్రపిండములకును ఆ మందు హాని చేయునని పరీక్షలలో తేలినది. కీళ్లు సాగుటకని పెట్టిన మాత్ర, ఆ పక్షికి మూత్రలవణము బయటికి పోవు దారినే మూసివేయును. మనుష్యుని బరువునకు చేసిన మాత్రను కిలోన్నర తూగు పక్షికి గోటితో చిదిపి కొలుచుట ఏ శాస్త్రము? నొప్పి నిజముగా నెక్కువైనచో మండలమునందలి పశువైద్యశాలకు గంపలో పెట్టుకొని పోవుడు. కోరుట్లలో పశువైద్య కళాశాలయే గలదు. మెలాక్సికమ్ వంటి మందు రాబందులకు హాని చేయదని తేలినది. అయినను కోడికి ఎంత, ఎన్ని దినములు అనునది దానిని తూచి పశువైద్యుడే చెప్పవలయును. కోడిని తెచ్చితివా యని అచట ఎవరైన నవ్వినచో నవ్వనిండు. మందు వాడినన్ని దినములును, ఆపైన వైద్యుడు చెప్పినన్ని దినములును దాని గ్రుడ్డు తినరాదు, కూరకు కోయరాదు.

ఎన్ని చేసినను ఒక దినము వచ్చును. కఱ్ఱ దించినను ఎక్కదు, ఎండలో పెట్టినను లేవదు, మేత ముందుంచినను కన్ను తెఱువదు, కూర్చున్న చోటనే రెట్టలో తడియుచుండును. అట్టిదానిని వారములకొలది ఈడ్పించుట సాకుడు కాదు. పశువైద్యుని యడిగి బాధ లేకుండ ముగించుటయో, చేయి తిరిగినవానిచేత ఒక్క క్షణములో ముగింపించుటయో ఇంటి పెద్ద తీర్మానింపవలయును. పిల్లలపైన, ఇల్లాలిపైన ఆ భారము వేయరాదు. మందు పడిన పెట్ట చచ్చినచో పెంటకుప్పపైనను వాగులోనను పాఱవేయవలదు. కుక్కయో, గద్దయో, మఱియొక పక్షియో తినును. బావికి దూరముగా మూరెడు లోతునకు తక్కువ కాకుండ గోయి త్రవ్వి పూడ్చి, కుక్కలు తోడకుండ పైన రెండు బండరాళ్లు పెట్టవలయును.